రక్తం అందని చోట

డాక్టర్ శ్రీవాణి ఎమ్మారై ఫిల్మును వెలుగుతున్న తెల్లపెట్టెకు తగిలించి, పెన్ను వెనక కొసతో ఒకచోట తాకింది. తన నడుముకే తగిలినట్టు భూమేష్ కుర్చీలో సర్దుకున్నాడు.

"ఇది నాలుగో పూస, ఇది ఐదోది. రెండింటి మధ్య మెత్తటి బిళ్ల ఉంటది. పైవన్నీ చూడండి, తెల్లగా, నీళ్లతో ఉన్నయి. ఇదొక్కటి నల్లబడ్డది. అరిగి, ఒక పక్క పగిలింది కూడా."

"చెరకు కట్టలు ఎత్తిన మేడం. ఇరవై ఏండ్ల సంది గదే పని."

"ఎత్తితే అరుగుతది. కానీ అరిగినోళ్లందరికీ ఇది ఉండదు." పెన్ను బిళ్లకు పైనా కిందా ఉన్న ఎముక అంచుల మీదికి జరిగింది. "ఇక్కడ ఎముకలో వాపు ఉంది. ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. ఇంకో అనుమానం కూడా ఉంది. కొందరు డాక్టర్లు ఏమంటారంటే, బిళ్ల పగిలినప్పుడు ఒక బ్యాక్టీరియా ఆ పగులులోంచి లోపలికి పోతదట. మొటిమల్లో ఉండేదే. మీకు, నాకు, అందరికీ చర్మం మీద, చిగుళ్లలో ఉంటది. బయట ఉన్నన్ని రోజులు పెద్దగా ఏం చేయదు. బిళ్లలోకి మాత్రం రక్తం అందదు. రక్తం అందని చోట దాన్ని పట్టుకునేవాళ్లు ఉండరు. అక్కడే ఉండిపోయి, ఏండ్ల తరబడి పక్కనున్న ఎముకను రగిలిస్తదని వాళ్లంటరు."

"కొందరంటే, మిగిలినోళ్లు మేడం?"

"మిగిలినవాళ్లు కాదంటరు. ఒక దేశంలో వంద రోజులు మందులిస్తే నొప్పి తగ్గిందని రాసిన్రు. ఇంకో దేశంలో మళ్లీ ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకా తేలని సంగతి ఇది."

ఆ చివరి మాటలు భూమేష్ చెవిన పడ్డాయి కాని లోపలికి పోలేదు. "బతికి ఉంటదా మేడం?" అన్నాడు.

"ఏది?"

"లోపలున్నది."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసింది. "ఉంటే బతికే ఉంటది. ఉందో లేదో తెలియకముందే భయపడకండి. గురువారం రండి. సూదితో చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపుదాం. టీబీ, ఈ క్రిమి, రెండూ చూస్తరు. ఇది చాలా నిదానంగా పెరుగుతది, పద్నాలుగు రోజులు ఆగాలి. అప్పటిదాకా బరువులొద్దు."

ఖలీల్‌వాడి ఆసుపత్రుల సందుల్లోంచి బస్టాండుకు నడుస్తూ భూమేష్ తన అడుగుల చప్పుడు వినసాగాడు. పదకొండు నెలలుగా ఆ నొప్పి అతనిదే. పొద్దున మంచం దిగేటప్పుడు వచ్చేది, సాయంత్రానికి కాలిలోకి జారేది. దాని వేళలన్నీ అతనికి తెలుసు. చుట్టం అలవాట్లు తెలిసినట్టు తెలుసు. బస్సు మెట్టెక్కుతుంటే అది ఎప్పటిలాగే కలుక్కుమంది. నిన్నటిదాకా నడుము పట్టింది అనుకునేవాడు. ఇవాళ, అది కదిలింది అనుకున్నాడు. అలా అనుకున్నాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

కిటికీ పక్క సీటు దొరికింది. ముందు సీట్లో కాలేజీ కుర్రాడు మెడ మీది మొటిమను గోటితో గిల్లుకుంటున్నాడు. భూమేష్ లేచి, పైనున్న కమ్మీ పట్టుకుని, బోధన్ దాకా నిలబడే వచ్చాడు. తన చర్మం మీద కూడా అదే ఉందని తెలుసు. ఆ వేళ్లు తనను తాకవని కూడా తెలుసు. తెలియడం ఒకటి, భయం ఇంకొకటి. రెండూ ఒకే ఇంట్లో మాట్లాడుకోకుండా కాపురం ఉన్నాయి.

రుద్రూర్ పరిశోధనా కేంద్రంలో కట్టలు ఎత్తడంతో పాటు భూమేష్ పని విత్తన చెరకు చూడటం. రైతులకు నాటడానికి ఇచ్చే గడ ముక్కలు, ముచ్చెలు, కొట్టే ముందు, మడికి కొన్ని గడలను నిలువునా చీల్చి లోపల తెగులు ఉందో లేదో చెప్పాలి. ఒక గడ చీల్చిన కత్తిని మందునీళ్ల బకెట్లో ముంచకుండా ఇంకో గడకు తగిలించకూడదు. ఎర్రకుళ్లు పట్టిన గడ బయటికి చాలా రోజులు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. చీలిస్తే లోపల ఎరుపు, ఎరుపులో అడ్డంగా తెల్లటి మచ్చలు, పులిసిన వాసన.

మరునాడు మూడో గడకే అది బయటపడింది. ఎన్ని వేల గడలు చీల్చాడో, ఎన్నడూ కళ్లు తిప్పుకోలేదు. ఇవాళ తిప్పుకున్నాడు.

"ఏందన్నా, కట్టె లెక్క నిలవడ్డవు? వదినె గిట్ల తన్నిందా?" పక్క సాలులోంచి వెంకటి అడిగాడు. ఇద్దరూ పదేళ్లుగా కలిసి పని చేస్తున్నారు.

"నడుము."

"డాక్టరమ్మ ఏమన్నది?"

"లోపల క్రిమి ఉండొచ్చన్నది."

"నడుముల క్రిమా? చెరకుకు వడ్డట్టు నీకు గూడ పీక పురుగు వడ్డదా ఏంది? ఆగు, ఆఫీసుల చెప్పి నీ మీద మందు కొట్టిపిస్త." వెంకటి నవ్వి, భూమేష్ నవ్వకపోవడం చూసి దగ్గరికి వచ్చాడు. "ఫికర్ జెయ్యకన్నా. మోస్రా ఊర్ల మా మామ గిట్లనే మంచం వట్టిండు. బోధన్ల తారాబాయి తాన నడుముకు నల్లజీడి వెట్టిచ్చిన్రు. మూడొద్దులకు లేసి నాటుకు వోయిండు."

"గురువారం దవాఖానల సూది ఉన్నది."

"సూది ఎటు వోతది? గది గూడ చేపిచ్చుకో, ఇది గూడ చేపిచ్చుకో."

భూమేష్ చీల్చిన గడను సంచిలో వేసి, దుబ్బును తవ్వి కాల్చమని కూలీలకు చెప్పాడు. ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాడు. తవ్వి కాల్చండి. ఇవాళ అది నోట్లోంచి వచ్చి గాలిలో నిలిచి, తిరిగి తనవైపే చూసినట్టనిపించింది.

ఆ రెండు రోజులు అతను తనకే కాపలా కాశాడు. చిగుళ్లలోంచి రక్తం వస్తే దారి దొరుకుతుందని బ్రష్షు వదిలేసి వేలితో తోముకున్నాడు. ఎక్కువ కదిలితే దాన్ని లేపినట్టవుతుందని భయం. కదలకపోతే దానికి తీరిక ఇచ్చినట్టవుతుందని భయం. భార్య లత పక్కన పడుకోవడం మానేసి హాల్లో చాప వేసుకున్నాడు. ఇది అంటేది కాదు అని డాక్టర్ చెప్పిందా లేదా? అడగనే లేదు. అడిగితే అంటుతుంది అంటుందేమోనని అడగలేదు.

అన్నిటికంటే అడుగున ఇంకొక భయం ఉంది. దానికి అతను ఎదురుగా నిలబడేవాడు కాదు. అతని తండ్రి ఇప్పుడు మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీలో చెరకు దించేవాడు. యాభై దాటకముందే నడుము వంగిపోయింది. శక్కర్‌నగర్ వీధిలో నేలను చూస్తూ నడిచే మనిషి. ఎదుటివాళ్లను చెప్పులను బట్టి గుర్తుపట్టేవాడు. పదేళ్ల భూమేష్ స్నేహితుల ముందు ఆయన తన బాపు కానట్టు వేరే సందులోకి తిరిగేవాడు. భూమేష్‌కు ఇప్పుడు నలభై మూడు.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి తారాబాయి ఇంటికి వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు. పూర్తిగా నమ్మి కాదు. డాక్టరమ్మ ప్రతి మాటకూ ఉండొచ్చు, లేకపోవచ్చు అంది. పోతుంది అనే మనిషి ఒక్కరు కావాలి. ఒకవేళ తెల్లారేసరికి నొప్పి పోతే, ఆ సూది అక్కర్లేదు. సూది అక్కర్లేకపోతే లోపల ఏముందో ఎవరూ చూడరు.

తారాబాయికి డెబ్బై ఉంటాయి. నాందేడ్ వైపు నుంచి వచ్చి బోధన్‌లో స్థిరపడిన మనిషి. గుమ్మంలో కూర్చుని అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"కాయ్ రే బాబా, ఎన్ని దవాఖానలు తిరిగి నా తానకు వచ్చినవు?"

"ఒక్కటే అవ్వా. రేపు సూది వెడ్తరట. పొద్దుగాల వరకు తగ్గితే పోను."

"పొద్దుగాల వరకు తగ్గనీకి నేనేమన్న దేవుణ్ణా? మూడొద్దులు వడ్తది. పొక్కుతది, పగుల్తది, నీరు కార్తది. గా నీరుతోని లోపలున్నది బయటికొస్తది."

"లోపలున్నది ఏందవ్వా?"

"నాకేమెరుక? నొప్పి." ఆమె దీపం వెలిగించింది. "అంగీ ఇప్పు. పెద్ద పానమున్న మనిషివి, గట్ల వణుకుతవేంది?"

నల్లజీడి గింజను సూదికి గుచ్చి మంటకు చూపింది. గింజలోంచి నల్లటి నూనె చెమటలా పట్టింది. నడుముకు అటు మూడు, ఇటు మూడు చుక్కలు పెట్టి, పైన సున్నం అద్దింది. మొదట వెచ్చగా, తర్వాత చీమ కుట్టినట్టు. చిత్రంగా ఆ క్షణంలో అతని భయం తగ్గింది. నొప్పికి బయట ఒక చోటు దొరికింది. ఆరు చుక్కలు, వేలితో చూపించగలిగినవి.

"గోకకు," అంది తారాబాయి. "డాక్టర్లకు సూపియ్యకు. తిడ్తరు."

గురువారం పొద్దున నొప్పి ఎప్పటి వేళకే వచ్చింది. చుక్కల చోట దురద మొదలైంది. లత తోడు వచ్చింది. ఖలీల్‌వాడి ఆసుపత్రిలో నర్సు కాగితం చూస్తూ అడిగింది. "షుగర్ ఉన్నదా? రక్తం పల్చబడే గోలీలు వాడ్తున్నరా? వీపు మీద పుండ్లు, గాయాలు, పొక్కులు ఏమన్నా ఉన్నయా?"

"లెవ్వు."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, దాన్ని పలికిన మనిషి తనేనా అని భూమేష్ ఒకసారి వెనక్కి చూసుకున్నంత పని చేశాడు. పొక్కులు ఇంకా రాలేదు కదా, అబద్ధం కాదు కదా అని లోపల ఎవరో వకీలులా మాట్లాడారు. బోర్లా పడుకున్నాక నర్సు ఆగింది.

"ఈ నల్ల చుక్కలేంది?"

"చెరకు తోటల పని. మరకలు వడ్తయి, పోవు."

ఆమె తడిగుడ్డతో రుద్దింది, పోలేదు. తర్వాత గోధుమరంగు మందు నడుమంతా పూశారు. చుక్కలన్నీ అందులో కలిసిపోయాయి. డాక్టర్ వచ్చి, మత్తు ఇచ్చి, తెర మీద చూస్తూ సూది దించింది. అది దిగుతున్న దారి అతనికి తెలియలేదు. ఒక లోతులో మాత్రం, ఎక్కడో చాలా దూరాన, తలుపు మీద ఎవరో నొక్కినట్టు ఒత్తిడి తెలిసింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తలుపు తెరుచుకుంటే దానికి వెలుతురు కనిపిస్తుంది. చూస్తున్నారని దానికి తెలిసిపోతుంది.

శనివారానికి పొక్కులు లేచాయి. ఆదివారం పగిలాయి. నీరు కారింది. లోపలున్నది మాత్రం లోపలే ఉంది. సోమవారం లత ఉతకడానికి బనీను తీసి, వెనకవైపు గట్టిపడిన మరకలు చూసి, అతన్ని కూర్చోబెట్టి అంగీ ఎత్తింది.

"జీడా ఇది?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"సూదికి ముంగట్నాడు."

"మంది చెరకుకు తెగులు చూసి చెప్పెటోనివి. నీ ఒంటికి నువ్వు గిట్ల చేసుకుంటివా?" గొంతులో కోపం ఉంది కాని చేతులు మెల్లగానే కొబ్బరినూనె రాస్తున్నాయి. "డాక్టరమ్మకు చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నది?"

"ఏం కాదన్నది."

ఇది ఇంకో అబద్ధం. నర్సుకు చెప్పినదానికి ఇది కావలసి వచ్చింది. ఆమె వేలు నడుము ఎడమవైపు ఒకచోట ఆగింది. "సూది గుర్తు గీన్నే ఉన్నది. జీడి పుండు పక్కపొంటి."

ఆ మాట అతనిలో కొంచెంకొంచెంగా దిగింది. మందునీళ్లలో ముంచని కత్తి ఒక గడ నుంచి ఇంకో గడకు ఏం మోసుకుపోతుందో రైతులకు చెప్పేది తనే. మాడిన చర్మం గుండా సూది దిగింది. ల్యాబులో గాజుసీసాలో ఇప్పుడు ఏది పెరుగుతోంది? లోపలిదా, పైదా? లోపల ఏమీ లేకుండా ఉండి, తనే ఆ సూదితో పంపించాడా? ఆ ఆలోచన వచ్చిన పూట అన్నం సగంలో వదిలి లేచాడు. లత ఏమైందని అడిగితే కారం ఎక్కువైందన్నాడు.

పదిహేనో రోజు మళ్లీ ఖలీల్‌వాడి. లోపలికి ఒక్కరినే రమ్మన్నారు. లత బయట బెంచీ మీద కూర్చుంది.

"టీబీ లేదు," అంది డాక్టర్ శ్రీవాణి ముందుగా. "అది పెద్ద మంచి వార్త. రెండోది చెప్తా, జాగ్రత్తగా వినండి. రెండు సీసాల్లో వేస్తే ఒకదాంట్లో, పదకొండో రోజు, ఆ క్రిమి పెరిగింది."

ఉంది.

భూమేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం అనుకున్నాడు. అది భయం కాదని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అది సంతోషం. నొప్పి తనది కాదు. బాపుది కాదు. బయటి నుంచి వచ్చింది, దానికి పేరుంది, మందుంది. వంద రోజుల తర్వాత చచ్చిపోతుంది. ఇన్నాళ్లూ దేనికైతే వణికాడో, అదే దొరికిందని ఎవరికైనా చేతులు జోడించాలనిపించింది.

"ఒక్క సీసాలోనే వచ్చింది కాబట్టి చర్మం మీదిదై కూడా ఉండొచ్చు," ఆమె చెబుతూనే ఉంది. "ఈ గొడవంతా అక్కడే. దొరికినచోటల్లా ఇది లోపలిదా, సూదితో పోయిందా అని కొట్లాడుకుంటరు. మీ కాగితంలో చర్మం శుభ్రంగా ఉంది అని రాసిన్రు. ఎముకలో వాపు ఉంది. అందుకని, మీరు ఒప్పుకుంటే, మందులు మొదలుపెట్టొచ్చని నేననుకుంటున్నా. వంద రోజులు. కడుపు పాడైతది, కాలేయం చూసుకుంటుండాలి. ఊరికే ఇచ్చే మందు కాదు." ఆమె చీటీ దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసింది. "ఏమంటరు?"

ఊరుకుంటే చాలు. ఒక్క తల ఊపు. అతను పెన్ను మొనను చూశాడు. ఒక సంగతి గుర్తొచ్చింది: రెండేళ్ల కింద నందిపేట్ రైతు ఒకతను విత్తన చెరకు కోసం ట్రాక్టరు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. కోసిన గడలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కాని కత్తి ముంచారో లేదో కూలీలకు గుర్తులేదు. భూమేష్ ఆ కుప్పంతా ఇవ్వనన్నాడు. రైతు తిట్టాడు, బతిమాలాడు. లోపల తెగులు ఉందా అని అడిగాడు. తెల్వదు, అందుకే ఇయ్య అన్నాడు భూమేష్. ఆ రోజు తనకు ఒక్క క్షణం కూడా భయం వేయలేదు.

"మేడం," అన్నాడు. "సూదికి ముంగట్నాడు జీడి వెట్టిచ్చుకున్న. మరకలని చెప్పిన. మరకలు గావు."

పెన్ను ఆగింది. ఆమె లేచి వచ్చి అంగీ ఎత్తి చూసింది. చెక్కు కట్టిన ఆరు పుండ్లు. వేలితో ముట్టకుండా ఒకదాని దగ్గర ఆగి, గట్టిగా ఊపిరి వదిలింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మందు పూయకముందే నేనైనా ఒకసారి చూడాల్సింది," అంది, తనతో తను అన్నట్టు. వెళ్లి కూర్చుని పెన్నుకు మూత పెట్టింది. "ఇప్పుడు నేను ఏమీ చెప్పలేను భూమేష్ గారు. పెరిగింది లోపలిదా, పైదా, ఎవరూ చెప్పలేరు. దీన్ని పట్టుకుని వంద రోజుల మందు రాయలేను."

"మరి?"

"పుండ్లు పూర్తిగా మానినంక, మీకిష్టమైతే మళ్లీ సూది. లేదంటే వ్యాయామం, నొప్పి మందులు, మూడు నెలల తర్వాత ఇంకో ఫిల్ము."

"మళ్ల తీస్తే... ఏం రాకుంటే?"

"రాకపోతే లేదన్నట్టు. బిళ్ల అరిగింది, అంతే. చాలామందికి అంతే." ఆమె అది ధైర్యం చెప్పడానికే అంది.

అతను లేచాడు. లేచేటప్పుడు నడుము ఎప్పటిలాగే కలుక్కుమంది. నువ్వెవరు అని అడిగాడు, లోపలే. అది జవాబివ్వలేదు. ఎప్పుడూ ఇచ్చింది లేదు. ఇన్ని రోజులూ దాని తరఫున మాట్లాడింది తనే.

బయట లత నిలబడి ఉంది. "ఏమన్నది?"

"టీబీ లేదు."

ఆమె కళ్లు మూసి తెరిచింది. "ఇంకోటి?"

"తెల్వదు. పెరిగిందట గని ఏడిదో తెల్వదట. జీడి సంగతి నేను చెప్పలే లతా. నీకు చెప్పిన అన్న గని, చెప్పలే. ఇప్పుడే చెప్పిన."

కారిడార్‌లో ఎవరో స్ట్రెచరు తోసుకుపోతుంటే ఇద్దరూ గోడకు ఒదిగారు. అది దాటిపోయాక లత అడిగింది. "మళ్ల సూది అంటున్నదా?"

"నా ఇష్టమట. మళ్ల తీస్తే ఏం లేదని రావొచ్చట."

"లేకుంటే మంచిదే గదా."

భూమేష్ ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పకూడదనుకున్నాడు. కాని ఆ గదిలో ఒకసారి నోరు తెరిచిన మనిషికి మూసుకోవడం కుదరలేదు.

"ఆ క్రిమి ఉండాలె లతా. లోపల అది ఉండాలెనని కోరుకుంటున్న. లేకుంటే ఈ నొప్పంత నేనే గదా."

అతని చేయి పట్టుకోవడానికి ముందుకు వచ్చిన లత చేయి మధ్యలో ఆగింది. పదకొండు నెలల్లో ఆమె కోపం చూశాడు, విసుగు చూశాడు, జాలి చూశాడు. భయం ఇదే మొదటిసారి చూడటం. అది క్రిమిని గురించి కాదు, తనను గురించని అతనికి అర్థమైంది. ఆమె వెనక్కి మాత్రం జరగలేదు. కాసేపటికి ఆ చేయి వచ్చి అతని మోచేతిని పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"తారీఖు రాపిచ్చుకుందాం రా," అంది.

ఇద్దరూ కౌంటరు ముందున్న వరసలో నిలబడ్డారు. వరస కదిలినప్పుడల్లా భూమేష్ ఒక అడుగు వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ లోపలికి చెవి ఒగ్గుతున్నాడు.